సుగుణ ఆంటీ బెంచ్ దగ్గరికి దిగివచ్చిన రోజు

ఆఫీస్‌లో అద్దాలు తుడిచే మందు ఘాటు ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా తల దానంతటదే వెనక్కి జరుగుతుంది. అది అమ్మోనియా. దెబ్బ తిని కళ్లు తేలేసిన ఆటగాణ్ని మా జట్టులో ఆ వాసన చూపించే లేపేవారు. దానితోపాటు సుగుణ ఆంటీ గుర్తొస్తుంది. మా తెలుగు చర్చి పాతవాళ్లు నా గురించి ఇప్పటికీ "రాజు ఆట పాడుచేసింది ఆవిడే" అంటారు. అది అబద్ధం. అబద్ధమని నేను ఇన్నేళ్లూ చెప్పలేదు.

ఎనభైల మధ్యలో మేము అమెరికాలోని అరోరాలో ఉండేవాళ్లం. పద్దెనిమిదేళ్ల నేను జూనియర్ ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడేవాణ్ని. వేగం తక్కువ, మొండితనం ఎక్కువ. గోల్ కాసే మా గోలీని ఎవడైనా తోస్తే గ్లవ్స్ పడేసి కొట్లాటకు దిగడం నా పని. పైకి వెళ్లడానికి నాకున్న దారి అదొక్కటేనని కోచ్ అనేవాడు. నాన్న నమ్మాడు, నేనూ నమ్మాను. గుంటూరు నుంచి వచ్చిన నర్సు సుగుణ ఆంటీ మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండేది. అమ్మానాన్నలు పొద్దున్నే షిఫ్టుకు వెళ్తే నాకు టిఫిన్ ఆవిడ ఇంట్లోనే. కమిలిన నా పిడికిళ్లకు ఐస్ కడుతూ, "చేతులు బాగవుతాయిరా, తలకాయకి స్పేర్ పార్ట్ దొరకదు" అనేది. నేను నవ్వేవాణ్ని.

తలకు దెబ్బ తగిలినవాణ్ని మా ట్రైనర్ ఆట మూడు పీరియడ్లలో ఇది ఎన్నోదో, స్కోర్ ఎంతో అడిగేవాడు. సరిగా చెబితే మళ్లీ ఆటలోకి. అందుకని పక్కవాడు ముందే చెవిలో జవాబు ఊదేవాడు. నాకు డెన్నీ, డెన్నీకి నేను. దాన్ని స్నేహం అనుకున్నాం.

ఒక కాలేజీ జట్టుకు ఆటగాళ్లను ఏరే స్కౌట్ నన్ను చూడటానికి వచ్చిన రోజున, కొట్లాటలో హెల్మెట్ ఊడి నా తల ఐస్‌కు కొట్టుకుంది. ఆ చలికాలంలో అది మొదటిసారి కాదు. డెన్నీ ఊదింది అప్పజెప్పాను. ట్రైనర్ వెళ్లమన్నాడు. అంతలో ఆంటీ స్టాండ్స్‌లోంచి దిగి వచ్చింది. ఆ రోజులో నాకు గుర్తు మిగిలింది ఆ కాసేపే.

"రాజూ, ఇటు చూడు. పొద్దున మా ఇంట్లో ఏం తిన్నావు?"

"ఐయామ్ ఫైన్ ఆంటీ. సెకండ్ పీరియడ్, త్రీ-టూ."

"స్కోర్ ఎవరడిగారురా? ఏం తిన్నావు?"

నేను డెన్నీ వైపు చూశాను. వాడికేం తెలుసు? ఆంటీ బెంచ్ నుంచి ఐస్ మీదికి వెళ్లే గేటుకు అడ్డంగా నిలబడింది. నాన్న పరిగెత్తుకొచ్చాడు.

"సుగుణగారూ, వాడి ఫ్యూచర్ అండీ! స్కౌట్ చూస్తున్నాడు!"

"చూడనివ్వండి. నేను వీణ్ని చూస్తున్నాను."

ఆ రోజు ఆవిడ నన్ను మళ్లీ ఆటలోకి దిగనివ్వలేదు. స్కౌట్ మళ్లీ రాలేదు. నాన్న ఆవిడతో మాట మానేశాడు. ఎవరైనా అడిగితే "నాకేం కాలేదు, ఆంటీయే కంగారుపడింది" అనేవాణ్ని. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చర్చిలో వెనక వరుసకు మారింది, తర్వాత జెర్సీ సిటీకి వెళ్లిపోయింది. అక్కడే పోయింది. డెన్నీ ఇంకొన్నేళ్లు ఆడాడు. ఇప్పుడు దారి మర్చిపోతానని, పక్కన భార్య లేనిదే కారు తీయడు.

పోయిన ఏడాది నాన్నతో అన్నాను: "ఆ రోజు పొద్దున ఏం తిన్నానో కూడా నాకు గుర్తులేదు నాన్నా. ఆంటీయే కరెక్ట్."

ఆయన టీవీ సౌండ్ తగ్గించాడు. "తెలుసురా. ఇంటికొస్తుంటే, ఎక్కడికి వెళ్తున్నామని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నావు."

ఇద్దరికీ తెలుసు. ఏ ఆదివారమైనా ఎవరో ఒకరం లేచి చెప్పి ఉండవచ్చు. నింద మాత్రం ఆవిడే మోసింది. ఇదంతా ఇంత స్పష్టంగా రాయగలుగుతున్నది ఆవిడ కాపాడిన తలతోనే.