బాలన్న విప్పని లైఫ్ జాకెట్

మా బాలన్న లైఫ్ జాకెట్ విప్పడు. పడవలో విప్పడు, పడవ దిగినా విప్పడు. స్నానానికి విప్పుతాడని అంటారు గానీ చూసినవాళ్లెవరూ లేరు.

సౌదీలోని జిజాన్ ఎదురుగా ఎర్రసముద్రంలో ఫరసాన్ దీవులున్నాయి. వాటి మధ్య టూరిస్టులను తిప్పే తెరచాప పడవ మాది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఒక దీవి దగ్గర చాప ఎత్తితే, రాత్రంతా గాలి మీద నడిచి తెల్లారేసరికి ఇంకో దీవి చేరుతుంది. కెప్టెన్ అబ్దుల్ ఘనీ హైదరాబాదాయన. చాప తాళ్లు చూసే బాలన్న నిర్మల్ వైపు మనిషి. నేను వంటవాణ్ని, ఆర్మూరు నాగేందర్‌ని. జుబైల్ రిఫైనరీలో షట్‌డౌన్ పనులు అయిపోతే, ఇకామా అనే నివాస పర్మిట్‌ను ఈ కంపెనీకి మార్పించుకుని వచ్చాను.

వచ్చిన రోజే ఒక అబద్ధం ఆడాను. ఈత వచ్చా అని కెప్టెన్ అడిగితే బ్రహ్మాండంగా వచ్చన్నాను. నిజానికి మోకాలి లోతు నీళ్లలోనే నాకు కళ్లు తిరుగుతాయి. అది బయటపడితే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవడమే. అందరూ జాకెట్ వేసుకోవాలని కాగితం మీద రూలుంది గానీ, వేసుకున్నవాణ్ని మిగతావాళ్లు మూడు రోజులు వెక్కిరించకుండా వదిలిపెట్టరు. అందుకని నా జాకెట్‌ను బియ్యం బస్తా కింద దాచేశాను.

బాలన్నకు ఆ సిగ్గే లేదు. జిజాన్‌లో సెలూన్‌కు కూడా జాకెట్‌తోనే వెళ్లాడు. ఆ ఉబ్బుకు ఒక గుడ్డ చాలక పాకిస్తానీ భాయ్ రెండు గుడ్డలు కప్పి గడ్డం గీశాడు. స్టూడియోలో ఫోటోకు అలాగే కూర్చుంటే, ఫోటోగ్రాఫర్ బతిమాలి బతిమాలి చివరికి మెడ పైనుంచే తీసుకున్నాడు.

జాకెట్‌కు వేలాడే ఈల ఉంటుంది చూశారూ, ఆపదలో ఊదేది, దాన్ని ఈయన చాయ్ కోసం ఊదేవాడు. మొదటిసారి విని నేను గరిటె పారేసి పరుగెత్తుకొచ్చాను.

"చాయ్ లేకుంటే ఆపద గాదా?" అన్నాడు తాపీగా.

పడవ మొత్తానికీ నవ్వులాట ఆయనే. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. నా భయం కప్పిపెట్టుకోవడానికి నాకు అంతకన్నా మంచి ఉపాయం దొరకలేదు. పైగా పడుకోవడానికి రోజూ జాకెట్‌తో సహా నా పక్కకే చేరేవాడు. నా వంట వాసనకు వస్తున్నాడనుకున్నాను.

ఒకసారి ఆయన వీడియో కాల్‌లో ఉంటే నేనూ తల దూర్చాను. వాళ్లావిడ దేవవ్వను పలకరించి, వదినా, అన్నకు నీళ్లంటే గింత భయమేంది అన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వింది. సిగ్నల్ లేదంటూ బాలన్న ఫోన్ కట్ చేశాడు. నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.

రెండు వారాలకు రియాద్ ఆఫీసు నుంచి నౌమాన్ సార్ తనిఖీకి వచ్చారు. జెట్టీ మీద బాలన్నను చూడగానే ఆయన ముఖం చిట్లించారు. ఇంత పిరికివాణ్ని ఎందుకు పెట్టుకున్నారని కెప్టెన్‌ను అడిగి, తెల్లారి దీవి చేరగానే అందరూ నీళ్లలో దూకి ఈత చూపించాలని, రానివాళ్లను ఇంటికి పంపిస్తానని చెప్పారు. నా చేతిలో ఉల్లిగడ్డ జారి కింద పడింది.

పడవ జెట్టీ వదిలింది. చాప పైకి లేస్తుంటే నౌమాన్ సార్ అంచు మీదికెక్కి సెల్ఫీకి ఫోన్ ఎత్తారు. ఉన్నట్టుండి చాపలో గాలి నిండింది, తాడు బిగిసి ఆయన్ను తన్నింది, సార్ నీళ్లలో పడ్డారు. కెప్టెన్ విసిరిన ట్యూబు నాలుగు బారల అవతల పడింది. సార్ తల మునుగుతోంది, తేలుతోంది.

అప్పుడు బాలన్న జాకెట్ విప్పి నా చేతిలో పెట్టాడు.

"జర పట్టుకో నాగేందర్. తడుస్తది."

దూకాడు. నోళ్లు తెరుచుకుని మేం చూస్తుండగానే సార్ గడ్డం నీళ్లపైకి ఎత్తి పట్టుకుని, ఒంటిచేత్తో ఈదుతూ పడవ దగ్గరికి తెచ్చేశాడు. గోదావరి ఒడ్డున సోన్‌లో చేపలు పట్టే ఇంట్లో పుట్టాడని, పదేళ్లకే వరద గోదావరి దాటాడని అప్పుడు బయటపడింది. వదిన నవ్వెందుకో కూడా అర్థమైంది. మా గోదావరి మనిషి అని నా ఛాతీ ఎంత పొంగిందంటే, ఆ దూకిందేదో నేనే అయినట్టు అందరివైపూ తిరిగి చూశాను.

నౌమాన్ సార్ కక్కాల్సిన ఉప్పునీళ్లన్నీ కక్కి, ముందు తానొక జాకెట్ తగిలించుకున్నారు. ఈత పరీక్ష లేదు, జాకెట్ వేసుకోనివాళ్లనే ఇంటికి పంపిస్తానన్నారు. అందరూ వెతుక్కుంటుంటే బాలన్న నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"నీది బియ్యం బస్తా కింద ఉన్నది. పోయి తెచ్చుకో."

ఎప్పటి నుంచి తెలుసన్నాను.

"నువ్వు దాసిన దినమే సూసిన. నేనేసుకుంటే నువ్వు గూడ ఏసుకుంటవనుకున్న. ఏసుకోకపోతివి. సరే, నవ్వెటోళ్లకు ఒక్కడు సాలు గదా, నీ దిక్కు సూడరని ఊకున్న."

మరి పక్కన పడుకోవడం ఎందుకని అడగబోయి ఆగిపోయాను. నా చేతిలో ఇంకా ఉన్న ఆయన జాకెట్ చూస్తే తెలుస్తూనే ఉంది, రాత్రి పడవకు ఏదైనా అయితే అది నాకేనని. ఆ సాయంత్రం ఈల మోగకముందే చాయ్ పట్టుకెళ్లాను. చాయ్ తీసుకుని, అలవాటు కొద్దీ ఈల కూడా ఊదాడు.

తర్వాత ఆరు నెలలు బాలన్న నాకు ఈత నేర్పాడు. ఇప్పుడు నిజంగానే బ్రహ్మాండంగా వచ్చు. వచ్చే వారం కొత్తవాడొకడు మా పడవలో చేరుతున్నాడు, జగిత్యాల మనిషట, ఈత వచ్చని కెప్టెన్‌తో మరీ గట్టిగా చెప్పాడట. మొన్న శుక్రవారం నేనూ బాలన్నా సెలూన్‌కు వెళ్లాం. పాకిస్తానీ భాయ్ మా ఇద్దరినీ కింది నుంచి పైదాకా చూసి, ఏమీ అడక్కుండా నాలుగు గుడ్డలు తీశాడు.