గోడ కట్టిన దీవి

వెనిస్‌లో నా ముక్కుకి ముందుగా తగిలింది మా ఊరి వాసన. వేసవిలో లాకులు మూసి కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన కాసిన్ని నీళ్ళూ, నాచూ, తడిసిన ఇటుకా కలిసి వచ్చే వాసన. అమలాపురం నుంచి బస్సెడు మందిమి కలిసి యూరప్ చూడ్డానికి వెళ్ళాం. అందరూ ఫోన్లు పైకెత్తి మేడల్ని ఫొటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం మా లంకలో సమాధుల పండుగ నాటికి వెళ్ళిపోయాను.

మా లంక రాజోలు వైపు గోదారి పాయ వశిష్ఠ మధ్యలో ఉండేది. 'ఉండేది' అని రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మా పేటలో ఎవరికీ సెంటు భూమి లేదు. ఒకరి చేలో కోతకీ, ఇంకొకరి తోటలో కాయ దింపుకీ వెళ్ళేవాళ్ళమే అందరమూ. ఇది మాది అని చెప్పుకోగలిగిన నేల ఏటి గట్టు మీది సమాధుల తోట ఒక్కటే.

వానలు వెనకపట్టి, గోదారి ఎరుపు విరిగి తేటపడే నవంబరులో ఆ పండుగ వచ్చేది. వారం ముందు నుంచే మగవాళ్ళు తుప్పలు నరికేవాళ్ళు. ఆడవాళ్ళు కుండలో గుల్ల సున్నం పోసి నీళ్ళు చల్లితే అది బుసబుసా ఉడికేది, అందులో చిటికెడు నీలిమందు కలిపి, కొబ్బరి పీచు కుంచెలతో సమాధులన్నిటికీ తెల్లగా వేసేవాళ్ళు, మా చేతులూ గౌన్లూ జుట్టూ కూడా తెల్లబడిపోయేవి. పొద్దు వాలాక ఏటిగాలికి ఆరిపోకుండా కొబ్బరి చిప్పల్లో కొవ్వొత్తులు నిలబెట్టి, పాటలు పాడి, పాస్టరు గారి ప్రార్థన ఎప్పుడవుతుందా అని ఒంటికన్ను తెరిచి చూస్తూ ఉండేవాళ్ళం, ఎందుకంటే కరిగిన మైనం ఏరుకుని బంతులు చేసుకోవడంలో ఎవరు ముందుంటే వాళ్ళదే రాజ్యం. ఇంటికెళ్తే బూరెలు ఉండేవి, కానీ మైనం బంతి ముందు బూరె ఏపాటి!

మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మాత్రం ఎంతకీ కదిలేది కాదు. తాత సమాధి పక్కన చతికిలబడి ఏడాది కబుర్లన్నీ ఆయనకి చెప్పేది. గేదె ఈనిందనీ, పెద్ద మనవరాలు ఇంగ్లీషులో మాట్లాడుతోందనీ చెప్పి, మధ్యలో పాత కోపం గుర్తొచ్చి నాలుగు తిట్టేది కూడా. లేచేముందు ప్రతిసారీ నాన్నతో ఒకటే మాట.

"నన్నూ ఇక్కడే పెట్టరా, మీ నాన్న పక్కన. ఇంత ఎత్తుకి గోదారి రాదు."

నేను ఏడో తరగతిలో ఉండగా మామ్మ పోయింది. అడిగినచోటే పెట్టాం. ఎన్ని వరదలొచ్చినా మామ్మ అన్నట్టే గోదారి అంత ఎత్తుకి రాలేదు.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో మా గట్టుకి ఎదురుగా సత్తిబాబు గారనే కాంట్రాక్టరు ఇసక ర్యాంపు వేలంలో పాడుకున్నారు. ఏటి అడుగు నుంచి ఇసక తోడే డ్రెడ్జర్లు పగలూ రాత్రీ తవ్వాయి. గట్టు అడుగున గుల్లయిపోతోందని నాన్నా, పేట పెద్దలూ వెళ్ళి మొరపెట్టుకుంటే ఆయన కుర్చీలు వేయించి, కాఫీలిచ్చి, మీరు చెప్పాక కాదంటానా అని సాగనంపారట. మర్నాడు పొద్దున్నే డ్రెడ్జరు ఇంకాస్త దగ్గరికొచ్చింది. మా జిల్లా మర్యాద అలాంటిది, పీక కోసేటప్పుడు కూడా అండీ అంటారు. వరుసగా సమాధులు ఏట్లోకి జారాయి, ఆ వెనకే ఇళ్ళూ జారాయి. మేం చెల్లాచెదురయ్యాం.

ఆ సత్తిబాబు గారూ మా టూరులోనే వచ్చారు, వెనిస్ పడవలో నా ముందు సీట్లో కూర్చున్నారు. గాజుసామాన్లు చేసే దీవికి పోతుంటే దారిలో ఇంకో దీవి వచ్చింది. దాని చుట్టూ నీళ్ళలోంచి లేచిన ఎర్ర ఇటుక గోడ. అది ఈ ఊరివాళ్ళ శ్మశానమనీ, సమాధుల దగ్గరికి నీళ్ళు రాకుండా ఆ గోడ కాస్తుందనీ గైడు చెప్పాడు. సత్తిబాబు గారు వెనక్కి తిరిగి, నాతో ముచ్చటగా అన్నారు.

"ఎంత బాగా కాపాడుకుంటన్నారో చూడండి మేడం గారూ. మనోళ్ళకి ఆ జ్ఞానం ఎప్పుడొస్తాదో."

"మా మామ్మ సమాధి కింద ఇసక తవ్వించింది మీరేనండి," అన్నాను.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. విదిలించుకున్నాను.

"అయ్యో, మీది ఆ లంకాండీ? నాకు తెలీదండి. అయినా గోదారి కదండీ, దాన్నెవరాపుతారు."

"గోదారి కాదండి. మీ డ్రెడ్జరు."

ఆయన నల్లకళ్ళజోడు పెట్టుకుని, అటు తిరిగి, ఆ గోడని ఫొటో తీసుకున్నారు. హాయిగా సాగుతున్న టూరు పాడుచేశానని మిగతావాళ్ళకి నా మీదే కోపం. మధ్యాహ్నం భోజనాలప్పుడు మా బల్ల దగ్గర మేమిద్దరమే. సత్తిబాబు గారి బల్ల దగ్గర కుర్చీలు చాలలేదు. దిగమింగుకోమని మా ఆయన రాత్రంతా చెప్పారు. ఎందుకు దిగమింగాలి? పోయింది మాది, సర్దుకోవలసిందీ మేమేనా?

ఈ నవంబరులో పేటవాళ్ళం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, లంక ఉన్నచోటికి ఎదురుగా కరకట్ట మీద కలిశాం. సున్నం వెయ్యడానికి సమాధి లేదు, చదవడానికి పేరున్న రాయి లేదు. పాస్టరు గారు కట్ట మీదే ప్రార్థన చేశారు. ఎనభై దాటిన మా నాన్న దండ పట్టుకుని నీళ్ళ అంచుదాకా దిగి, అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగారు.

"ఎటు వెయ్యనే, మా అమ్మకి?"

ఎదురుగా అంతా గోదారే. నేను వేలెత్తి చూపించలేకపోయాను.