బల్బు తెల్లగా మండిన పొద్దు

మా బావ మంచివాడేనని అందరూ అంటారు. అక్క ముందు నేనూ అంటాను. కానీ ఆయన మా కంప్యూటర్‌ను చంపిన పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

బాన్సువాడలో మా ఇంటి ముందు అర్ర నాకు ఊరికే దక్కలేదు. అన్నకు ఎరువుల దుకాణం ఉంది. ఆ అర్రను గోదాము చేసుకోవాలని ఆయన ఆశ. నేను నిజామాబాద్‌లో డీటీపీ నేర్చుకుని వచ్చి, లగ్గం పత్రికలు టైపు చేసుకుంటానని ఇంట్లో రోజూ గొడవ పడితే, చివరికి విసిగిపోయి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ మెలిక పెట్టాడు.

“చూడు చెల్లె, నీ మిషన్ నడిచినన్ని రోజులు అర్ర నీది. ఆగిందా, యూరియా బస్తాలు దింపుత. మళ్ల ఏడ్వొద్దు.”

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. వర్ని క్యాంపుల్లో స్థిరపడ్డ ఆంధ్రా వాళ్లు ఒక తీరు పత్రిక అడిగేవారు, కోటగిరి వాళ్లు ఇంకో తీరు. ఎవరికి ఏది నచ్చుతుందో నాకు తెలిసిపోయింది. పని నడుస్తోంది. అన్న బస్తాల మాట ఎత్తడం మానేశాడు.

అప్పుడు దిగాడు బావ. హైదరాబాద్‌లో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. సెలవుకు వచ్చిన ప్రతిసారీ నా కుర్చీలో కూర్చోవడం ఆయనకు అలవాటు. అంతకుముందు వచ్చినప్పుడు నా డిస్క్‌లో సగం జాగా తీసుకుని, విండోస్ పక్కనే లినక్స్ అనే ఇంకో సిస్టం ఎక్కించి పోయాడు. నన్ను అడగలేదు. అప్పటినుంచి మిషన్ లేచినప్పుడల్లా విండోస్ కావాలా, లినక్స్ కావాలా అని అడుగుతుంది. నా తెలుగు అక్షరాలు విండోస్‌లోనే ఉన్నాయి. లినక్స్‌తో నాకేం పని?

ఈసారి ఆ లినక్స్ ఒక్కోసారి లేవకుండా మధ్యలో ఆగిపోతోందని ఆయనకే తట్టింది.

“బయోస్ పాతది మరదలా. కొత్తది ఎక్కిస్తే లినక్స్ మంచిగ లేస్తది.”

“నా పని మంచిగనే నడుస్తున్నది బావా. కోటగిరోళ్ల పత్రికలు ఎల్లుండియ్యాలె. ముట్టకు.”

“అరే, నీకు తెల్వదు. ఓ కప్పు టీ పెట్టు పో.”

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను వద్దన్నాను కదా, ముట్టడులే అనుకుని వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించాను.

మా ఇంట్లో కరెంటుకు ఒక ఆచారం ఉంది. పొలాల మోటర్లన్నీ ఒక్కసారి ఆగితే ఊళ్లోకి కరెంటు ఎక్కువొచ్చి బల్బులు తెల్లగా మండేవి. అట్లా ఒకసారి మా టీవీ కాలిపోయింది. అప్పటినుంచి బల్బు తెల్లబడితే ఎవరు దగ్గరుంటే వాళ్లు ఉరికి మెయిన్ దించాల్సిందే. అన్నం తింటున్నా ఎంగిలి చేత్తోనే దించాలి. మెయిన్ దించాక కంప్యూటర్ కింద ఉన్న యూపీఎస్ కుయ్‌కుయ్‌మని మొత్తుకుంటుంది. దాని బ్యాటరీ దిగిపోకుండా దాని బటన్ కూడా నొక్కేయాలి. మా ఇంట్లో అందరికీ వచ్చిన కంప్యూటర్ విద్య అదొక్కటే.

టీ మరుగుతోంది. వంటింటి బల్బు తెల్లగా మండింది. మరు నిమిషం ఆరిపోయింది. మెయిన్ దించారన్నమాట. నేను ముందు అర్రకు ఉరికేసరికి అన్న వంగి యూపీఎస్ బటన్ నొక్కుతున్నాడు.

“బచాయించిన చెల్లె! లేకుంటే కాలిపోతుండె!”

బావ ఎక్కడ? బయట అరుగు మీద కూర్చుని ఎవరితోనో రాజకీయాలు మాట్లాడుతున్నాడు. ఫ్లాపీ పెట్టి, పాత బయోస్ చెరిపి కొత్తది రాసే పని మొదలుపెట్టి, అది అయ్యేలోపు గాలికని బయటికి పోయాడట. ఆపొద్దని తెర మీద ఇంగ్లిషులో రాసి ఉందట. మా అన్న బటన్ నొక్కే ముందు ఇంగ్లిషు చదువుతాడా?

కరెంటు పెట్టి చూస్తే లోపల ఫ్యాన్ తిరుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది. బయోస్ అంటే మిషన్ నిద్ర లేవడానికి కావలసిన రాత. అదంతా ఒక చిన్న చిప్‌లో ఉంటుంది. ఆ రాత సగం చెరిగి, సగం పడి ఆగిపోయింది. మళ్లీ రాయాలంటే మిషన్ లేవాలి. మిషన్ లేవాలంటే ఆ రాత ఉండాలి. తాళంచెవి లోపల పెట్టి ఇంటికి తాళం వేసినట్టయింది.

“మీ ఊరి కరెంటు గిట్లుంటె నేనేం జేస్త?” అన్నాడు బావ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. బాగున్నదాన్ని కెలికింది ఎవరు? కెలికి, అరుగు మీదికి పోయింది ఎవరు? అరిచాను. వాకిట్లో జనం పోగయ్యేదాకా అరిచాను. మధ్యాహ్నం ఆయన హైదరాబాద్ బస్సెక్కేశాడు.

తెల్లారి కంప్యూటర్ డబ్బాను బొంతలో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను. రిపేరు దుకాణంలో చిప్‌ను ఊడబీకి, వేరే మిషన్ మీద పెట్టి రాసి, మళ్లీ బిగించారు. చిప్ ఊడి వచ్చే రకం కాబట్టి సరిపోయింది, అతికించిన రకమైతే మదర్‌బోర్డు మొత్తం పారేయాల్సి వచ్చేదట. తెర వెలిగింది. దుకాణంలోనే ఏడ్చేశాను.

సాయంత్రం ఇంటికొస్తే నా బల్ల అరుగు మీద ఉంది. అర్ర నిండా యూరియా బస్తాలు.

అప్పుడొచ్చిన కోపం ముందు బావ మీది కోపం ఏపాటిది! ఒక్క రోజు ఆగలేకపోయాడు మా అన్న. బస్తాల మీదే డబ్బా పెట్టాను, బస్తాల మీదే తెర పెట్టాను, ఇంకో బస్తా మీద కూర్చుని కోటగిరి వాళ్ల పత్రిక కొట్టడం మొదలుపెట్టాను. పొద్దున యూరియా కోసం రైతులు వచ్చి వాకిట్లో నిలబడ్డా లేవలేదు.

“లే చెల్లె, రైతులు నిలవడ్డరు.”

“మిషన్ నడుస్తున్నది. నడిచినన్ని రోజులు అర్ర నాదంటివి. నీ మాటేంది?”

అన్న రైతుల వైపు చూశాడు. వాళ్లలో ఒక పెద్దమనిషి నవ్వి, “మాటిచ్చినంక ఏం జేస్తవ్, బయట పెట్టుకో,” అన్నాడు. అన్న మొదటి బస్తా భుజానికెత్తుకున్నాడు. నేను చెయ్యి సాయం కూడా పట్టలేదు.

దసరాకు బావ మళ్లీ వచ్చాడు. వచ్చీ రాగానే నా కుర్చీలో కూర్చుని, “లినక్స్ ఎట్లున్నది మరదలా?” అంటూ కీబోర్డు మీద చెయ్యి వేయబోయాడు. గుమ్మంలో అన్న ఉన్నాడు.

“బావా, చెయ్యి తియ్యి. ఆమెను అడిగి ముట్టు.”

బావ నా వైపు చూశాడు.

“అడిగినా ఇయ్య,” అన్నాను. “వంటింట్ల పాలున్నయి. టీ పెట్టుకొని తాగు. కుర్చీల నుంచి లే.”