ఆగయ్య సర్దార్ ఫ్రెంచి భోజనం

ఆగయ్య ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూడడు, పైకప్పు చూస్తాడు. గోదావరిఖనిలో ఆ కాలనీ అంతటికీ ఈ సంగతి తెలుసు. తోటివాళ్లు కొత్త ఇల్లు కట్టుకుని పిలిస్తే, ఆయన స్లాబు వంక అనుమానంగా చూస్తాడని కాఫీ వరండాలోనే ఇచ్చి పంపించేస్తారు.

తప్పు ఆయనది కాదు, పనిది. బొగ్గుబాయిలో ఆయన సర్దార్. షిఫ్టు జనం పనిలోకి వెళ్లకముందే లోపల తిరిగి, కర్రతో కప్పును తట్టి, చేతిలో బత్తి, అంటే జాలీ బిగించిన దీపం, పట్టుకుని గాలిని పరీక్షించాలి. ఆయన నోటి నుంచి "మంచిగుంది, కానియ్యుండ్రి" అన్న మాట వస్తేనే పని మొదలు. మీటర్లు వచ్చి చాలా కాలమైంది, ఒకటి ఆయన నడుముకు కూడా వేలాడుతూ ఉంటుంది. కానీ నమ్మకమంతా బత్తి మీదే. సన్నని మంట నెత్తిన నీలిరంగు కనిపించిందా, అక్కడ గ్యాసు ఉన్నట్టే. ఇక వాదన లేదు, అందరూ బయటికి నడవాలి. బాయిలోకి అగ్గిపుల్ల కూడా పోకూడదు. గేటు దగ్గర జేబులు తడిమి, బీడీలూ అగ్గిపెట్టే తీసి పక్కన పెట్టించిగానీ దించరు.

అలాంటి మనిషికి మంటతో బతికే బిడ్డ పుట్టింది. సంధ్యారాణి హోటలు చదువు చదివి, హైదరాబాదులో ఒక పెద్ద మాల్‌లో ఉన్న ఫ్రెంచి రెస్టారెంటులో వంట చేస్తోంది. పోయిన బతుకమ్మకు ఇంటికి వచ్చినప్పుడు పిల్ల మణికట్టు మీద కాలిన మచ్చ ఆగయ్య కంట పడింది. ఆ రోజు నుంచి ఒకటే పోరు. బొగ్గుబాయి కంపెనీలో క్లర్కు పరీక్ష పడుతుందట, ఇంటికి వచ్చి చదువుకో అని. నిజం చెప్పాలంటే క్లర్కు కుర్చీ మీద ఆయనకు ప్రేమేమీ లేదు. బిడ్డ ఎక్కడో మంట ముందు నిలబడి ఉంటే, ఆ చోటు తను చూసి రాలేదే అన్నది ఆయన దిగులు. అది నోరు తెరిచి చెబితే ఆగయ్య ఎందుకవుతాడు?

"నా డ్యూటీకి సెలవు దొరకది బాపూ" అని పిల్ల ఫోనులో అంటే కస్సుమన్నాడు.

"డ్యూటీ అంటే బాయిల చేసేది. నువ్వు చేసేది వంట. వంట మీ అవ్వ గూడ చేస్తది."

సంధ్యారాణికి ఆ మాట ముల్లులా దిగింది. "అయితే ఒక్కసారి వచ్చి నా చేతి తిండి తిను. కండ్లార చూడు. చూసినంక గూడ వద్దంటవా, నీ ఎంబడే ఇంటికొస్త, పరీక్ష రాస్త. మాటంటే మాటే" అంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పిల్ల కూడా ఆ కడుపున పుట్టిందేగా.

అలా ఆగయ్య, ఆయన భార్య సారవ్వ రామగుండంలో రైలెక్కారు. ఆయన ఒంటిమీద పెళ్లిళ్లకు దాచుకునే తెల్లచొక్కా, ఆమె చేతిలో సకినాల డబ్బా.

మాల్ గుమ్మంలో కాపలావాడు ఒళ్లు తడమడానికి చేతులెత్తమన్నాడు. ఊరు వదిలాక ఆగయ్యకు తెలిసిన పద్ధతి కనిపించడం అదే మొదలు. సంతోషంగా రెండు చేతులూ ఎత్తి, అడక్కుండానే బీడీకట్టా అగ్గిపెట్టే తీసి అతని బల్ల మీద పెట్టాడు.

"పైకి వచ్చేటప్పుడు తీసుకుంట. జర జాగ్రత్త" అన్నాడు. కాపలావాడికి ఏం చేయాలో తోచక వాటిని సొరుగులో పెట్టుకున్నాడు.

రెస్టారెంటులోకి వెళ్లగానే ఆగయ్య మామూలుగా పైకి చూశాడు. తెల్లటి కప్పు, పూల నగిషీ. పక్కనున్న స్తంభాన్ని వేలితో తట్టి, "ఉత్త డొల్ల" అని గొణిగాడు. పగలే అయినా లోపల మసక వెలుతురు, బల్లబల్లకూ ఒక కొవ్వొత్తి. కూర్చున్నాడో లేదో తమ బల్ల మీది కొవ్వొత్తిని రెండు వేళ్లతో నలిపేశాడు. వడ్డించేవాడు వచ్చి మళ్లీ వెలిగించాడు. ఆగయ్య మళ్లీ నలిపాడు. ఇది తెగేలా లేదని మేనేజరు విష్ణువర్ధన్ దిగాడు. ఆయనది భీమవరం వైపు, మర్యాదలో పుట్టి పెరిగిన మనిషి.

"పోనీలెండి, తీసేయమంటాను. మీరు స్థిమితంగా కూర్చోండి" అన్నాడు.

సారవ్వ సిగ్గుతో చచ్చిపోయింది.

ముందు రొట్టె వచ్చింది, పైన పెంకు గట్టిగా, లోపల దూదిలా. తర్వాత ఉల్లిగడ్డలతో కాచిన చారు, పైన కరిగిన చీజు. ఆ తర్వాత చిక్కటి పులుసులో కోడిమాంసం. సారవ్వ చెంచాలన్నీ ఒక పక్కకు నెట్టి చేత్తో సుబ్బరంగా తింది. ఆగయ్య గిన్నె నాకినంత శుభ్రం చేశాడు గానీ మాట పెదవి దాటనివ్వలేదు.

"ఎట్లుందయ్యా?" అంది సారవ్వ.

"తింటున్న గద."

బాగుందంటే ఓడిపోతాడు మరి.

చివరికి సంధ్యారాణి తనే వచ్చింది. తెల్లకోటు, నెత్తిన టోపీ, ముందు చక్రాల బల్ల. కూతుర్ని ఆ వేషంలో చూసి సారవ్వ ముఖం చేటంత అయింది. పిల్ల పెనంలో వెన్న, చక్కెర, నారింజరసం వేసి మరిగించి, పల్చటి అట్లు మడతపెట్టి అందులో పరిచింది. పైన కాస్త బ్రాందీ పోసి, తండ్రి వైపు చూసి నవ్వి, అంటించింది.

భగ్గున నీలిమంట లేచింది.

"గ్యాసు! లేవుండ్రి! అందరు బయటికి నడువుండ్రి!"

ఆ గొంతు ఎన్ని షిఫ్టుల్ని తరిమిందో! ఏమిటి, ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. మెడకు కట్టిన గుడ్డలతోనే జనమంతా గుమ్మం దాటారు. విష్ణువర్ధన్ కూడా దాటాడు. ఆగయ్య పెనం మీద పళ్లెం బోర్లించి, పిల్లను వెనక్కి లాగి, సారవ్వను ముందుకు తోసి, వెనక ఎవరైనా మిగిలారేమో అని చూశాడు. మిగిలింది కన్నీళ్లతో నిలబడ్డ కూతురు ఒక్కతే.

అప్పుడు తెలిసింది ఆయనకు, అది గ్యాసు కాదు, పిల్ల పోసిన బ్రాందీ మంటేనని. గ్యాసు లేని చోట జనాన్ని ఖాళీ చేయించడం ఆయన బతుకులో ఇదే మొదటిసారి. ఇక ఈ కొలువు పోయినట్టే, పిల్ల ఇంటికొచ్చినట్టే. కోరుకున్నది అదేగా? అయినా పిల్ల కళ్లలోకి చూడలేక, బోర్లించిన పళ్లెం వంక చూస్తూ నిలబడ్డాడు.

విష్ణువర్ధన్ తల లోపలికి పెట్టి, "ఏమైందమ్మా సంధ్యా?" అన్నాడు.

"మా బాపు బొగ్గుబాయిల సర్దార్, సార్. నీలిమంట చూస్తే ఊకోడు. చెప్పకుండ అంటువెట్టిన, తప్పు నాది." కళ్లు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. "బాపూ, ఇది నా జాగ. నువ్వే చూడు. మంచిగుందంటేనే అంటువెడత. లేదంటవా, ఈ కోటు ఈడనే ఇడిసి నీ ఎంబడి వస్త."

ఆగయ్య చూశాడు. ఈసారి మంటను కాదు, మనిషిని. జుట్టంతా టోపీ కింద బిగించి ఉంది. కోటు చేతులకు గుండీలు పెట్టి ఉన్నాయి. నడుముకు తడిగుడ్డ. గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు. బ్రాందీ సీసా మూత బిగించి, దూరంగా కింది అరలో పెట్టి ఉంది. ఇవన్నీ పిల్ల అగ్గి ముట్టించకముందే చూసుకుంది. తనే చూడలేదు.

ఆమె మణికట్టు పట్టుకుని పాత మచ్చ మీద బొటనవేలు పెట్టాడు.

"ఇదెట్లయింది బిడ్డా?"

"నేర్చుకునేటప్పుడు. సీసా పక్కకే పెట్టుకున్న. ఇప్పుడు పెట్టుకోను."

ఆయన వెనక్కి జరిగి, కుర్చీలు కూడా వెనక్కి జరిపాడు. గొంతు సవరించుకున్నాడు.

"మంచిగుంది. కానియ్యి."

మళ్లీ నీలిమంట లేచింది. గుమ్మంలోంచి జనం తొంగి చూస్తున్నారు. ఆగయ్య కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ మంట తగ్గి తగ్గి ఆరిపోయేదాకా రెప్ప వేయలేదు. ఆరాక కూర్చుని, అట్టు తిన్నాడు. తియ్యగా, కొసకు కొంచెం చేదుగా ఉంది. ఇంకొకటి వేయమన్నాడు.

విష్ణువర్ధన్ నవ్వి, "మా సంధ్య వంటేనండీ, భయం లేదు, రండి" అని పిలిస్తే జనం ఒక్కొక్కరే వచ్చి తమ చోట్లలో కూర్చున్నారు. సారవ్వ సకినాల డబ్బా బల్ల మీద పెట్టి, భయం భయంగా అడిగింది.

"ఏమయ్యా, మరి పిల్లను తోలుకపోదమా? రైలు టైమైతాంది."

ఆగయ్య మూతి తుడుచుకున్నాడు.

"నీకేమన్న మతి ఉన్నదా? డ్యూటీల ఉన్న మనిషిని నడుమ లేపుకపోతరా?"

సంధ్యారాణి చేతిలో పెనం ఆగింది. బాయికి తప్ప దేనికీ దక్కని మాట అది ఆ ఇంట్లో. ఏడుపు ఉబికి వస్తుంటే తల వంచుకుని, తుడిచిన పెనాన్నే మళ్లీ తుడిచింది.

"డ్యూటీ ఎప్పుడు దిగుతవ్ బిడ్డా?" అన్నాడు ఆగయ్య.

"పొద్దుగూకుతది బాపూ."

"కానియ్యి. దిగేదాక మేము ఈడనే కూసుంటం."