గోడకూ తలకూ మధ్య రెండు వేళ్లు

నిన్న తెల్లవారి నమాజు ముగించి జానమాజ్ చాప మడుస్తుంటే ఫోన్ మోగింది. ఉరవకొండ నుంచి మా చెల్లెలి కూతురు.

"పెద్దమ్మా, అమ్మ పోయింది."

ఫోన్ పెట్టేసి మళ్లీ జానమాజ్ పరిచి కూర్చున్నాను. అల్లాను ఏం అడగాలో తెలియలేదు.

మాబున్ని. నా చెల్లెలు. ఈ పొద్దు దాని కోసం ఇక్కడికి వచ్చిన మీలో చాలామంది దాన్ని వీపు వంగిపోయిన మనిషిగానే చూశారు. కొన్నేళ్లుగా నిండుగా ఊపిరి తీసుకోలేకపోయింది.

నాకు మాత్రం ఒక పొద్దు గుర్తొస్తోంది.

పందొమ్మిది వందల అరవై ఆరు. కరువు ఏడాది. నాకు పదకొండు, దానికి ఎనిమిది.

మాది దూది ఏకే ఇల్లు. నాయన ఏకితే అమ్మ, అవ్వ బొంతలు కుట్టేవాళ్లు.

మాబున్నికి మెడ కింద వీపు గుండ్రంగా వంగి ఉండేది. మా స్కూల్ డ్రిల్ టీచరమ్మ చూసి నాకు ఎక్సర్‌సైజులు నేర్పింది. "ఇంకా లేత ఎముక. రోజూ చేయించు, సరవుతుంది. వంగి కూర్చునే పని మాత్రం పెట్టొద్దని ఇంట్లో చెప్పు" అంది.

ఆ పొద్దున కూడా చాప పరిచాను. బోర్లా పడుకుని రొమ్ము పైకెత్తడం, పదిసార్లు. తర్వాత వీపు వెనక కర్ర అడ్డంగా పెట్టి, మోచేతులతో బిగించి నడవడం. ముక్కులో దూది నూగు పోయి తుమ్ముకుంటూనే నడిచింది.

చివరికి గోడ. మడమలు ఆనాలి. పిరుదులు, భుజాలు, తల ఆనాలి.

తల ఒక్కటే ఆనేది కాదు. మొదట్లో ఆ సందులో నా పిడికిలి పట్టేది. ఆ రోజు రెండు వేళ్లే పట్టాయి.

"అక్కా, నా తల వెనక్కి పోయినాదా, నీ వేళ్లు సన్నమైనాయా?"

"పోయింది నీ తలే లేవే. కదలాకు."

"రంజానుకు ఆనిస్తా, చూడు."

అంత నవ్వు దాని ముఖంలో మళ్లీ చూడలేదు.

నిన్న ఆఖరి స్నానం నేనే చేయించాను. చెక్క మీద పడుకోబెడితే తల ఆనలేదు. నాకు తెలియకుండానే నా చెయ్యి ఆ సందులోకి పోయింది.

మోచేతి దాకా పోయింది.

గుడ్డ మడిచి తల కింద పెట్టాను. అంతకు మించి చేయగలిగింది లేదు.

ఇన్నేళ్లూ నమాజు తర్వాత దుఆలో అల్లాను దాని వీపు సరవ్వాలని అడుగుతూనే ఉన్నాను. అడగాల్సిన రోజున, అడగాల్సిన వాళ్లను అడగలేదు. ఆ పొద్దు గడిచిన సాయంత్రమే అది.

నాయన గుంతకల్లు నుంచి వచ్చి గడప మీదే కూలబడ్డాడు. "షావుకారు బొంతలు కుట్టేకి ఇస్తాడంట. దినామూ ఇంకో మనిషి కూర్చుంటేనే ఇస్తాడంట. పిల్లోళ్లలో ఎవరో ఒకరు బడి మానాల."

అవ్వ ఇద్దరినీ చూసింది. "పెద్దదాని వీపు నిలువుగా ఉండాది, దాన్ని యాల చెడగొట్టుకునేది? చిన్నదానిది ఎట్లాగూ వంగిందే కదప్పా."

అమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మాబున్ని నా వైపే చూసింది. టీచరమ్మ చెప్పిన మాట నా నాలుక మీదే ఉంది. చెబితే కూర్చోవాల్సింది నేను. చెప్పలేదు.

నాయన "సరే" అన్నాడు.

మరుసటి రోజు నుంచి మాబున్ని బొంతల ముందు కూర్చోవాలి. నేను బడికి పోవాలి. పొద్దున వెలుతురు కుట్టుకు కావాలి కాబట్టి ఎక్సర్‌సైజులు వద్దు.

ఆ సాయంత్రం మా ఇంట్లో తేలింది ఇదే.

పోయిరా మాబూ. అల్లా నీకు ఊపిరి నిండా శాంతినివ్వాలి.