ఎడమ పక్క నుంచి అందిన పద్యం

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఈ ఒక్క లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

కర్నూల్లో మా నాటక సమాజం నవాబుల నాటి పాత దివాణంలో ఉండేది. జీతాలు లేవు, లాభాలు లేవు, పద్యాల పిచ్చి ఒక్కటే. ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కొత్తలో ఆఫీసులకు ఇళ్లు చాలక ఆ దివాణం కూడా కావాలన్నారు. అది వాడుకలో ఉందో లేదో చూడటానికి ఒక అధికారి ఆదివారం మధ్యాహ్నం నాటకానికి వస్తానన్నాడు. ఆయన మెచ్చకపోతే మాకు నీడ లేనట్టే.

ఇరవై ఏళ్లు మాకు ప్రాంప్టింగ్ చెప్పినవాడు ఖాసీం సాబు. స్టేజీకి ఎడమ పక్క తెర వెనక నిలబడి, చెక్క మీద వేలితో రెండుసార్లు తట్టి మాట అందించేవాడు. నాది రాజు వేషం. రాజు కోట విడిచిపోయే పద్యం నా గొంతుకు అందడం లేదని ఆ ఏడు నేనే తీసేయించాను.

"పద్యం ల్యాకుండా రాజు యాడికి పోతాడు అయివారూ? తప్పు పద్యానిది గాదు, మీ గొంతుది," అన్నాడు సాబు.

నలుగురిలో అన్నాడని రోషమొచ్చి మాట మానేశాను. ఆ వానాకాలమే ఆయన జ్వరంతో పోయాడు. జనాజా వెంట నడిచాను. ఏం లాభం?

ఆ వానలకే ఎడమ పక్క గోడ కూలి, రాళ్లూ మట్టీ స్టేజీ అంచుదాకా నిండిపోయాయి. పిల్లి దూరే సందు కూడా లేదు. కొత్త ప్రాంప్టరు కుడి పక్కకు మారాడు.

ఆదివారం ఆఖరి అంకంలో నా తర్వాతి మాట మరిచిపోయాను. కుడివైపు చూస్తే కొత్తాయన కంగారుగా పుటలు తిప్పుతున్నాడు. అధికారి కుర్చీలోంచి లేవబోతున్నాడు. అప్పుడు ఎడమ పక్క ఎవరో రెండుసార్లు తట్టారు. వెంటనే ఖాసీం సాబు గొంతు. తీసేసిన పద్యం మొదటి మాట.

హార్మోనియం నాకంటే ముందే శ్రుతి అందుకుంది. పాడాను. అందదనుకున్న పైస్థాయి అందింది. జనం వన్స్ మోర్ అన్నారు. అధికారి మళ్లీ కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. దివాణం మాకే మిగిలింది.

తెర దించాక, నేను నోరు విప్పకముందే ఆ పద్యానికి శ్రుతి ఎట్లా ఎత్తుకున్నావని హార్మోనియం నాగప్పను అడిగాను.

"సాబు తట్టింది ఇనపడె గదా అయివారూ," అన్నాడు. అని, వాడే తెల్లబోయాడు.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి చూశాను. ఒక్క రాయీ కదల్లేదు. నా భ్రమ అనుకుందామంటే నాగప్పకెందుకు వినిపించాలి?

"తప్పు నా గొంతుదే, సాబూ," అని ఆ రాళ్లకు వినిపించేలా అన్నాను. చాలాసేపు నిలబడ్డాను. ఈసారి ఎవరూ తట్టలేదు.