రాజవ్వ కథకు నేను పెట్టిన ముగింపు

ఒక ముసలావిడతో ఆడిన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మన భాష, మన బతుకు అని అరుస్తూ తొర్రూరు వీధుల్లో నడిచినవాణ్ణి. తర్వాత పంతులునయ్యాను. ఊళ్లు తిరిగి కథలు పోగుచేసే పిచ్చి పట్టుకుంది. వాటన్నిటిలో నాకు బాగా నచ్చింది నెల్లికుదురు దగ్గరి పల్లెలో రాజవ్వ చెప్పిన ఏడుగురన్నల చెల్లెలి కథ. వదినలు చెల్లెల్ని అడవికి తరిమేస్తారు. అన్నలు వెతుక్కుంటూ వచ్చి చెట్టు కింద నిలబడి పిలుస్తారు. పైన కొమ్మల్లో ఉన్న ఆమెకు వినపడుతుంది. పలకదు. కథ అంతే. ఆమె చుట్టూ కూర్చుని చింతపండు గింజలు తీసే ఆడవాళ్లు కథ అక్కడికి రాగానే పని ఆపి కళ్లు ఒత్తుకునేవాళ్లు.

ఆ ముగింపు పిల్లలకు బాగుండదన్నాడు, పట్నంలో పుస్తకం వేస్తానన్నాయన. నేను చెల్లెల్ని చెట్టు దింపి అన్నలతో ఇంటికి పంపాను. రాజవ్వ మాటల్ని కూడా పుస్తకాల మాటలుగా దిద్దాను. ఎవరైనా బలవంతపెట్టారా? లేదు. అట్ట మీద నా పేరు చూసుకోవాలనుకున్నాను.

పుస్తకం ఆ ఊరి బడికీ చేరింది. మరుసటి ఎండాకాలం వెళ్తే రాజవ్వ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"బిడ్డా, మనుమరాలు నన్ను జూసి నవ్వుతాంది. చెల్లె ఇంటికొచ్చిందట, బుక్కుల గట్లనే ఉన్నదట. మా అవ్వ నాకు గట్ల చెప్పలే. నేనేమన్న యాదిమర్సిన్నా?"

మార్చింది నేనే అంటే సరిపోయేది. మనుమరాలు గడపలో నిలబడి వింటోంది. ఆ పిల్ల ముందు చిన్నబోవడానికి నాకు మనసొప్పలేదు.

"మర్సినట్టున్నవ్ అవ్వా. వయసు మీద పడ్డది గద."

రాజవ్వ కాసేపు తన చేతుల్ని చూసుకుంది.

"గంతే కావచ్చు బిడ్డా."

ఆ తర్వాత ఎవరడిగినా తనకేమీ యాదికి లేవనేదట. ఒక్క కథా చెప్పలేదు. ఆమెకు ఇంకెన్ని కథలు వచ్చో నాకు తెలియదు, ఇక తెలిసే దారి లేదు. చాలా ఏళ్లకు ఆమె పోయాక పలకరించడానికి వెళ్తే, మనుమరాలు అదే అరుగు మీద తన కూతురికి ఆ కథ చెబుతోంది. అన్నలు పిలిచారు, చెల్లెలు దిగి వచ్చింది. అప్పుడైనా నోరు విప్పానా? తలూపి వచ్చేశాను.

రాజవ్వ మరిచిపోలేదు. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. ఇది ఆమెకు చేరదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.